మూడు చుట్లు

కిందటి వారం మనం చిన్న మేస్త్రిని విమానాల షెడ్డులో, చేతిలో పట్టుకారుతో, నోట మాట లేకుండా నిలబెట్టి ఎవరి దారిన వాళ్ళం పోయాం. పాపం, మనం వచ్చేదాకా ఆమె అలాగే నిలబడి ఉంది. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళు వెర్రిమొహాలు వేసుకోకుండా, అసలు సంగతి రెండు ముక్కల్లో చెప్పేసి ముందుకు పోదాం.

ఆ షెడ్డు ఒక ఇంటివాళ్ళది. మామగారు పెద్ద మేస్త్రి, కోడలు చిన్న మేస్త్రి, కొడుకు పైలట్. ఉన్నవి రెండే విమానాలు, ఒక్కోదానిలో నలుగురు పడతారు. ఒకదాన్ని పిచ్చుక అని పిలుచుకుంటారు, రెండోదాన్ని కొంగ అని. నాలుగు రోజుల కిందట పిచ్చుక నేల వదిలి చెట్ల ఎత్తుకి చేరిందో లేదో, ఇంజన్ దగ్గి, దగ్గి, ఊరుకుంది. పైలట్ గుండె చిక్కబట్టుకుని దాన్ని ఒక దున్నిన పొలంలో దించాడు. నుదుటి మీద కుట్లు పడ్డాయి, అంతకు మించి ఏమీ కాలేదు. సంగతేమిటో తేల్చడానికి విచారణ అధికారి ఇవాళ నాలుగింటికల్లా వస్తున్నాడు. వంతెన పాడై రోడ్డు మూసేశారు కాబట్టి, అతన్ని తీసుకురావడానికి పైలట్టే పొద్దున కొంగను వేసుకుని వెళ్ళాడు. "పెట్రోలు గొట్టం విప్పండి, దొరికింది దొరికినట్టు బల్ల మీద పెట్టండి, కొత్తది బిగించి ఉంచండి, నా ముందు ఇంజన్ తిప్పి చూద్దాం" అని అధికారి ముందే ఫోనులో చెప్పాడు. విప్పింది చిన్న మేస్త్రి. గొట్టం మధ్యనున్న సెన్సర్‌లో ఆమెకి ఒక తెల్ల పోగు దొరికింది.

సెన్సర్ అంటే అదేదో బ్రహ్మాండం అనుకునేరు. అగ్గిపెట్టెంత అల్యూమినియం దిమ్మ, అంతే. లోపల చిటికెన వేలి గోరంత చక్రం. పెట్రోలు దాటుతుంటే చక్రం తిరుగుతుంది, అది ఎన్నిసార్లు తిరిగిందో లెక్కగట్టి పైలట్ ముందున్న మీటరు అద్దంలో అంకె చూపిస్తుంది. ఇంజన్ గంటకి ఎంత తాగుతోంది, ఇంకా ఎంత మిగిలింది, అదీ దాని ఉద్యోగం. బిగించడం మాత్రం తేలిక కాదు. దిమ్మ మీద చెక్కిన బాణం ఇంజన్ వైపు చూడాలి. తీగలు పైకి ఉండాలి, లేకపోతే గాలి బుడగ లోపల తిష్ఠ వేసుకుని కూర్చుంటుంది. ముందూ వెనకా జానెడు మేర గొట్టం వంపు లేకుండా పోవాలి. ఇక గొట్టాన్ని కలిపే ఫిట్టింగు మరల మీద టేపు అన్న మాట ఎత్తకూడదు. నీళ్ళ కుళాయికి చుట్టే తెల్ల టేపు పెట్రోలు గొట్టానికి చుడితే, బిగించేటప్పుడు అంచులు తెగి పోగులు పోగులుగా లోపలికి పోతుంది. మరలకి పల్చగా జిగురు రాయాలి, అదీ మొదటి రెండు మరలు వదిలేసి. ఇవన్నీ చిన్న మేస్త్రికి నేర్పింది పెద్ద మేస్త్రే. నేర్పడమంటే బుజ్జగించి కాదు. టేపు చుట్ట షెడ్డులో కనిపిస్తే బయటికి విసిరేసి, తెచ్చినవాడి ఏడు తరాలనీ తలుచుకునే మనిషి ఆయన.

అలాంటి మనిషి బిగించిన సెన్సర్‌లో టేపు పోగు. ఒకటి చక్రం ఇరుసుకి చుట్టుకుని ఉంది. ఇంకొకటి ముందుకి పోయి ఇంజన్ గుమ్మంలోని సన్న జల్లెడకి అడ్డం పడింది. లాగ్‌బుక్‌లో రెండు నెలల కిందటి తేదీ వేసి ఉంది, కింద పెద్ద మేస్త్రి సంతకం ఉంది. ఆ రోజుల్లో చిన్న మేస్త్రి ఇక్కడ లేదు. లైసెన్సు పరీక్ష కోసం మూడు వారాలు వేరే ఊళ్ళో ఉంది.

పెద్ద మేస్త్రి షెడ్డు రెండో మూల ముక్కాలి పీట మీద కూర్చుని పానాలు తుడుస్తున్నాడు. చిన్న మేస్త్రి పట్టుకారు కింద పెట్టింది. సెన్సర్‌కి రెండు కొసలా ఉండే ఇత్తడి ఫిట్టింగులలో రెండోది ఇంకా శుభ్రం చెయ్యలేదు. మరల సందుల్లో తెల్ల టేపు చక్కగా అణిగి, కూరుకుని ఉంది. దాన్ని అలాగే తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టింది. ఆ పని చేస్తున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది, అయినా పెట్టింది.

"మామయ్యా, ఇది ఒకసారి చూస్తారా. తుడిచాను, సరిపోయిందో లేదో."

ఆయన దాన్ని కిటికీ వైపు తిప్పాడు. తల కొంచెం పక్కకి వంచి చూశాడు. బొటనవేలి గోరు మరల మీద పోనిచ్చాడు.

"శుభ్రంగానే ఉందమ్మా. జిగురు రాసి ఎక్కించు."



"దాని మీద టేపు ఉంది మామయ్యా."

"ఎక్కడ?"

"మీ వేలి కింద."

పెద్ద మేస్త్రి చెయ్యి అలాగే ఆగిపోయింది. తర్వాత ఆయన ఫిట్టింగును మెల్లగా బల్ల మీద పెట్టి, బల్ల అంచు ఎక్కడుందో చేత్తో తడుముకుని మరీ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇన్నాళ్ళూ ఇది తన కళ్ళ ముందే జరిగింది కదా, తనకి ఎందుకు కనపడలేదని ఆమెకి ఏడుపొచ్చింది.

"ఎన్నాళ్ళయింది?" అంది.

"కుడి కన్ను నిరుడే పోయింది. ఎడమది ఈమధ్యే మొదలెట్టింది. చుట్టూ కనపడుతుంది, మధ్యలో మసక." ఆయన గొంతులో ఏ తేడా లేదు, పానాల సైజులు చెప్తున్నప్పటి గొంతే. "అబ్బాయికి చెప్పకు."

"మరి పిచ్చుక సెన్సర్ ఎవరు బిగించారు?"

"నేనే. పుస్తకంలో సంతకం కనపళ్ళేదా?"

"మీ సంతకం ఉంది. మీ చెయ్యి లేదు."

"ముసలాడికి చూపు తప్పింది, ఏదో చేతికందిన టేపు చుట్టాడు, అంతేననుకో."

"మూడు చుట్లు చుట్టి, కొస లోపలికి మడిచి, బొటనవేలితో అణచడం మీకు రాదు మామయ్యా. మీరు జన్మలో టేపు ముట్టుకోలేదు. ఆ చుట్టు మా నాన్నది. నాకు ఆరేళ్ళప్పుడు నేర్పాడు. మా తమ్ముడికి అయిదేళ్ళకే నేర్పాడు."

ఇక్కడ చిన్న మేస్త్రి పుట్టింటి సంగతి చెప్పకపోతే కుదరదు. వాళ్ళ నాన్న నీళ్ళ పైపులు వేసేవాడు. ఇంట్లో పిల్లలకి ఆడుకోను బొమ్మలు లేకపోయినా టేపు చుట్టలకి లోటు లేదు. తమ్ముడు కూడా ముప్ఫై ఏళ్ళు వచ్చేదాకా అదే పని చేశాడు. పని దొరక్క అల్లాడుతుంటే, నిరుడు చిన్న మేస్త్రే మామగారి కాళ్ళా వేళ్ళా పడి ఈ షెడ్డులో చేర్పించింది. తుడవడం, మొయ్యడం, గాలి కొట్టడం వాడి పని. అందరూ వాణ్ణి కుళాయి అంటారు, వాడు నవ్వుతూ పలుకుతాడు. పైలట్‌కి మాత్రం బావమరిది షెడ్డులో ఉండడం మొదట్నుంచీ గిట్టదు. "మీ పుట్టింటివాళ్ళకి నా షెడ్డు సత్రంలా కనపడుతోందా?" అని అప్పుడప్పుడు దెప్పుతూనే ఉంటాడు.

"ఆ రోజు నాకు మర కనపళ్ళేదు," అన్నాడు పెద్ద మేస్త్రి చివరికి. "మూడుసార్లు ఎక్కించబోతే మూడుసార్లూ పక్క మర పట్టింది. పక్కనే కుళాయిగాడున్నాడు. పైపు పని వచ్చినవాడేగా, బిగించరా అన్నాను. బిగించాడు. కారుతోందేమోనని తడిమి చూశాను, చుక్క లేదు. సంతకం పెట్టాను."

"విప్పి చూడలేదా?"

"చూస్తే మాత్రం కనపడుతుందా?"

ఒళ్ళు మండిపోయింది ఆమెకి. ఈ పదేళ్ళలో మామగారికి ఎదురు చెప్పింది లేదు, ఆయన తిట్టినా పని నేర్పడానికేగా అని పడింది. ఇప్పుడు ఆగలేకపోయింది.

"చూడకుండా సంతకం పెట్టారు. అందులో మీ అబ్బాయి ఎక్కాడు."

"తెలుసమ్మా." ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. చేతులు శుభ్రంగానే ఉన్నాయి, అయినా తుడుచుకుంటున్నాడు. "నాలుగు రోజులుగా నా గొంతులో ముద్ద దిగట్లేదు. వాడి నుదుటి మీద కట్టు చూసినప్పుడల్లా చచ్చిపోతున్నాను. అందుకే అనుకున్నా. అధికారికి నేనే బిగించానని చెప్తాను. కళ్ళు కనపళ్ళేదని చెప్తాను. అది అబద్ధమేం కాదు. నా లైసెన్సు ఎలాగూ పోయేదే. నువ్వు మాత్రం నీ తమ్ముడి పేరు ఎత్తకు."

"వాణ్ణి కాపాడ్డానికా?"

"వాణ్ణి కాదు, నిన్ను. రేపట్నుంచి ఈ షెడ్డులో సంతకం పెట్టాల్సింది నువ్వు. నీ తమ్ముడి వల్ల పిచ్చుక కూలిందని తెలిస్తే నీ మొగుడు నీ చేత పానా పట్టనిస్తాడా? జన్మంతా దెప్పుతాడు. నా కొడుకు సంగతి నాకు తెలీదూ?"

సాయంత్రం అధికారి ముందు రాసి ఇవ్వాల్సింది ఆమె. ఏం దొరికింది, ఎలా వచ్చింది, ఎవరి చేతి పని. కిందటి నెలే లైసెన్సు చేతికొచ్చింది. దాని మీద ఆమె పెట్టబోయే మొదటి సంతకం ఇదే. అబద్ధం రాస్తే మామగారి లైసెన్సు ఒక్కటే పోతుంది, తమ్ముడు మిగులుతాడు, కాపురం మిగులుతుంది. నిజం రాస్తే మామగారి లైసెన్సు ఎలాగూ దక్కదు, చూడకుండా సంతకం పెట్టాడన్న మాట కూడా మిగులుతుంది. తమ్ముడి పొట్ట మీద తనే కొట్టినట్టవుతుంది. ఎటు చూసినా ఎవరో ఒకరు తనవాళ్ళే. ఇంత చదివి పరీక్ష రాసింది ఇందుకా అనిపించింది.

"ముందు పని కానివ్వండి," అంది.

పని మొదలెట్టారు. మనలో మాట, వాళ్ళిద్దరికీ అదొక్కటే వచ్చు. కొట్లాడుకున్నా ఏడ్చినా చేతుల్లో ఏదో ఒకటి ఉండాల్సిందే. ఆమె మరల్లోంచి టేపును పుల్లతో గీరి, ఆ ముక్కల్ని అధికారి కోసం బల్ల మీద విడిగా పెట్టి, ఇత్తడి బ్రష్షుతో రుద్ది, మెరిసేదాకా వదల్లేదు. గొట్టం కొస ఒక డబ్బాలోకి వంచి, డబ్బా మూతికి తెల్ల గుడ్డ కట్టి, పెట్రోలు వదిలింది. గుడ్డ మీద ఇంకో పోగు మిగిలింది. దాన్నీ తీసి మొదటి రెండింటి పక్కన కాగితం మీద పెట్టింది. రెండోసారి వదిలితే గుడ్డ శుభ్రంగా వచ్చింది.

కొత్త సెన్సర్ డబ్బాలోంచి తీసి, మరలకి జిగురు రాసి, మామగారి చేతికిచ్చింది. మర మొదలు ఆమె పట్టించింది, బిగించింది ఆయన. ఎంత బిగువు చాలో ఆయన మణికట్టుకి తెలుసు. అందులో మాత్రం ఈ నాటికీ ఆయన్ని మించినవాళ్ళు లేరు.

"బాణం ఎటుందమ్మా?" అని అడిగాడు.

ఆ మాట ఆయన నోట వినడం ఆమెకి అదే మొదటిసారి.

"ఇంజన్ వైపే ఉంది మామయ్యా. తీగలు పైకే ఉన్నాయి."

"సరే. నిప్పు తొడుగు ఇప్పుడే ఎక్కించకు. ఆ అధికారిని కళ్ళారా చూడనీ."

నిప్పు తొడుగంటే గొట్టం మీదా జాయింట్ల మీదా వేసే దళసరి ఎర్ర గొట్టం. ఇంజన్ వేడి తగలకుండా కాపాడుతుంది. అది ఎక్కించాక లోపల ఏముందో ఎవరికీ కనపడదు.

కుళాయి అప్పుడే లోపలికొచ్చాడు. ఆమె కబురు పెట్టి అరగంటయింది. భుజం మీద గాలి గొట్టం చుట్ట, మొహం నిండా చెమట.

"పిలిచావటక్కా?"

"పిచ్చుకకి ఆ సెన్సర్ బిగించింది నువ్వేనా?"

వాడు పెద్ద మేస్త్రి వైపు చూశాడు. ఆయన మొహం తిప్పుకున్నాడు.

"నేనే. పెద్దాయన చెప్తే బిగించాను. ఏం, కారిందా?" వాడి మొహంలో భయం కంటే పౌరుషం ఎక్కువగా ఉంది. "నేను చుట్టింది కారదక్కా. నాన్న చుట్టినట్టే చుట్టాను."

ఆమె ఏమీ అనకుండా కాగితం చూపించింది. మూడు తెల్ల పోగులు. ఒకటి చక్రానికి చుట్టుకున్నది, ఒకటి ఇంజన్ గుమ్మంలో దొరికింది, ఒకటి ఇప్పుడు గుడ్డ మీద మిగిలింది. టేపు పెట్రోలులోకి ఎలా పోతుందో, ఇంజన్ ఎందుకు ఆగిందో పూసగుచ్చినట్టు చెప్పింది. వింటున్నకొద్దీ వాడి మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"టేపు వద్దని నాకెవరూ చెప్పలేదే," అన్నాడు మెల్లగా.

నిజమే. కోడలు చెప్పి ఉంటుందని మామగారు అనుకున్నాడు. మామగారు మొదటి రోజే తిట్టి మరీ చెప్పి ఉంటాడని కోడలు అనుకుంది. ఏడాదిగా ఇద్దరిలో ఒక్కరూ వాడికా ముక్క చెప్పలేదు. తప్పులో తన వాటా కూడా ఉందని ఆమెకి అప్పుడు తెలిసొచ్చింది. తెలిసొచ్చాక ఇక మీనమేషాలు లెక్కించలేదు. బల్ల సొరుగులోంచి కాగితం తీసి రాయడం మొదలెట్టింది. బిగించినది తమ్ముడు. చూడకుండా సంతకం పెట్టినది మామగారు. వాణ్ణి పనిలో చేర్పించి, చెప్పాల్సింది చెప్పనిది తను.

"నీ పేరెందుకు రాస్తున్నావ్?" అని పెద్ద మేస్త్రి గద్దించాడు. అక్షరాలు కనపడకపోయినా, రాస్తూ ఆమె గొణుక్కుంటున్నది విని పోల్చుకున్నాడు. "చెప్పింది వినవా? కాపురం కూల్చుకుంటావా?"

"కూలితే కూలనివ్వండి మామయ్యా. మొదటి సంతకమే దొంగది పెడితే, రేపు నేను చూశానన్న విమానం ఎవరెక్కుతారు?"

ఆమె కింద సంతకం పెట్టింది. పెట్టాక కొంచెం ఊపిరి తిరిగింది. కుళాయి మాత్రం ఉన్నచోటు నుంచి కదల్లేదు. గాలి గొట్టం భుజం మీద నుంచి జారి కింద పడినా వంగి తీయలేదు.

"అక్కా," అన్నాడు.

"నీకేం కాకుండా నేను చూస్తాను. నువ్వు తెలిసి చేసింది కాదు."

"అది కాదక్కా." వాడు నీళ్ళు నమిలాడు. "కొంగ."

"కొంగకేమైంది?"

"పిచ్చుక ఆగిపోయిన దగ్గర్నుంచీ నాకు నిద్ర లేదు. నేను బిగించిన జాయింటే వదులైందేమోనని. బావ ఇవాళ కొంగలో దూరం వెళ్తాడు కదా అని, నిన్న సాయంత్రం మీరంతా ఇంటికెళ్ళాక దాని సెన్సర్ విప్పాను. మరలకి ఏదో పల్చగా పూసి ఉంది, టేపే లేదు. ఇదేం బిగింపురా బాబూ అనుకుని, మళ్ళీ చుట్టి బిగించాను. బావకి ఏమీ కాకూడదని ఈసారి ఐదు చుట్లు చుట్టాను."

చిన్న మేస్త్రి చేతిలోని కలం బల్ల మీద పెట్టేసింది.

"పొద్దున నేను కొంగని చూశాను కదరా."

"తొడుగు మళ్ళీ ఎప్పట్లాగే ఎక్కించానక్కా. నీకు తేడా తెలీలేదు."

గోడ గడియారం మూడుంబావు దాటింది. కొంగ అక్కణ్ణుంచి మూడింటికి బయల్దేరుతుందని పైలట్ ఫోను చేసి చెప్పాడు. అంటే ఈపాటికి గాల్లో ఉంది. ఆమె ఒక్క అంగలో గోడకున్న రేడియో దగ్గరికి పోయింది. మైకు కొక్కెం నుంచి లాగింది.

"ఆగమ్మా," అన్నాడు పెద్ద మేస్త్రి వెనక నుంచి. తిట్టడం కాదు, బతిమాలుతున్నాడు. "అధికారి వాడి పక్కనే కూర్చుని ఉంటాడు. రెండో హెడ్‌ఫోను చెవులకి తగిలించుకుని ఉంటాడు. నువ్వనే ప్రతి ముక్కా వింటాడు. ఇంజన్ వేడెక్కింది, దింపెయ్యమని చెప్పు చాలు. మిగతాది ఇంటికొచ్చాక చూసుకుందాం."

"వేడెక్కలేదని అద్దంలో కనపడుతుంటే మీ అబ్బాయి నా మాట నమ్ముతాడా?"

ఆమె బటన్ నొక్కింది.

"కొంగా, షెడ్డు నుంచి నేను. మీ సెన్సర్ జాయింటులో టేపు ఉంది. పిచ్చుకని ఆపింది అదే. చుట్టింది నా తమ్ముడు. వాడికి టేపు వద్దని చెప్పనిది నేనూ మామయ్యా ఇద్దరం. దిగే చోటు దొరికేదాకా ఎత్తు వదలకండి. పెట్రోలు రెండో పంపు వెయ్యండి. కింద ఎక్కడ చదును నేల దొరికితే అక్కడ దిగిపోండి. విన్నారా?"

బటన్ వదిలింది. రేడియోలో గరగర తప్ప ఏమీ లేదు. తమ్ముడు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. పెద్ద మేస్త్రి పీట మీద నుంచి లేచి, గోడ పట్టుకుంటూ వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. ఆమె మళ్ళీ బటన్ నొక్కబోయేంతలో గరగర తెగింది. ఒక మగ గొంతు వినపడింది. నిదానంగా ఉంది, పెద్ద వయసు గొంతు. ఆమె మొగుడిది కాదు.

"అమ్మా, నేను విచారణకి వస్తున్న అధికారిని. మీరన్నదంతా ఇద్దరం విన్నాం. రెండో పంపు వేశాం, పట్టలేదు. ఇంజన్ ఆగి నిమిషమవుతోంది. మీ ఆయన చేతులు ఖాళీగా లేవు. ఇంకేమైనా చెయ్యొచ్చేమో, త్వరగా నాకు చెప్పండి."